డీవీ మావయ్య

కలకత్తా తెలుగువాళ్లలో పేటకో డీవీ మావయ్య ఉంటాడు. లేక్ మార్కెట్లో కరివేపాకు బేరమాడుతూనో, ఉగాది సభలో పులిహోర కోసం వరసలో నిలబడో మీకు దొరుకుతాడు. దొరుకుతాడనడం తప్పు, మీరే ఆయనకి దొరుకుతారు. మామూలు తెలుగువాడు పరిచయం కాగానే ఊరడుగుతాడు, తర్వాత ఇంటిపేరు, ఆపైన వీలు చూసుకుని కులం. ఈయనకి అవేం అక్కర్లేదు. "మీ ఆవిడ పుట్టిందెక్కడ బాబూ?" అంటాడు. పెళ్లి కాలేదని చెప్పారో, ఆయన కళ్లు మెరుస్తాయి. "మంచిపని చేశావు. తొందరపడకు. నేపాల్లో పుట్టిన పిల్లని చూద్దాం."

డీవీ అంటే డైవర్సిటీ వీసా. అమెరికా 1990లో చట్టం చేసి, ఏటా 55 వేల గ్రీన్‌కార్డులు లాటరీ తీసి పంచుదామనుకుంది. గడిచిన ఐదేళ్లలో 50 వేల మందికి మించి పంపిన దేశాలకి మాత్రం చీటీ లేదు. ఇండియాకి లేనిది అందుకే. "మనకంటే ముందెళ్లినవాళ్లు వెనకాల తలుపేసుకుపోయారురా" అంటాడు మా డీవీ మావయ్య. ఎడిసన్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకులిద్దర్నీ ఈ విషయంలో ఆయన ఇప్పటికీ క్షమించలేదు.

అయితే ఈ లాటరీ పాస్‌పోర్టు చూడదు, పుట్టిన నేల చూస్తుంది. మన నేల పనికిరాకపోతే పెళ్లాం పుట్టిన నేల అరువు తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క వాక్యం మీద మావయ్య ఇరవై ఏళ్లు బతికాడు. గార్డెన్‌రీచ్‌లోని సౌత్ ఈస్టర్న్ రైల్వే ఆఫీసులో ఆయన పక్క సీట్ల బెంగాలీ బాబులు బరిసాల్‌లోనో ఢాకాలోనో పుట్టినవాళ్లు. పద్మానది ఇలిష చేప తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకోవడమే తప్ప, ఆ పుట్టుకకి అమెరికాలో విలువుందని వాళ్లకి తట్టలేదు. మావయ్య చెప్పాడు. వాళ్లు టీ తాగి, ఫుట్‌బాల్ మాట్లాడి వెళ్లిపోయారు. 2011 దసరా రోజుల్లో దరఖాస్తులు తెరిచేసరికి బంగ్లాదేశ్ కూడా జాబితాలోంచి జారిపోయింది. ఆ ఏడు మావయ్య పందిళ్లు చూడ్డానికి రాలేదు. ఖరగ్‌పూర్ కుర్రాడికి ఖుల్నాలో పుట్టిన పిల్లతో ఆయన కుదురుస్తున్న సంబంధం కూడా అక్కడితో ఆగింది.

ఆ దరఖాస్తులో పెళ్లి గడి చూస్తే మన పెళ్లిళ్ల పేరయ్యలు సిగ్గుపడాలి. అవివాహితులు, వివాహితులు, భార్యో భర్తో అమెరికా వాళ్లయిన వివాహితులు, విడాకులు, వైధవ్యం, కోర్టు ద్వారా వేరుపడినవాళ్లు, ఇలా అన్నిటికీ అరలున్నాయి. మావయ్య ఈ భాగాన్ని పురాణం చెప్పినట్టు చెబుతాడు. "అలిగి పుట్టింటికెళ్లిన భార్య కూడా భార్యేరా. పేరు రాయకపోతే లాటరీ తగిలినా కొట్టేస్తారు. నిశ్చితార్థం అయిన పిల్ల మాత్రం లెక్కలోకి రాదు, తాళి పడాల్సిందే. ఒక మనిషి రెండు దరఖాస్తులు పెడితే రెండూ చెల్లవు. మొగుడూ పెళ్లాం చెరొకటి పెట్టుకోవచ్చు." పెళ్లివల్ల ఇంత స్పష్టమైన లాభం ఇంకెవరూ నాకు చెప్పలేదు.

అసలు కథ మా అత్తయ్య దగ్గరుంది. ఆవిడ 1958లో రంగూన్‌లో పుట్టింది. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకున్నాక, వేలమంది మనవాళ్లతో పాటు ఆవిడ తల్లిదండ్రులూ ఓడెక్కారు. ఆవిడ మాట మీద నిలబడితే కదలదు కాబట్టి మావయ్య పెళ్లయిన నాటినుంచీ "బర్మా టేకు దుంగ" అంటూ వచ్చాడు. అంత దగ్గరున్నా ఆయనకెందుకు తట్టలేదంటే, తాతల కాలంలో బర్మా ఇండియాలో భాగం, ఆ లెక్క ఆయన బుర్రలో అలాగే ఉండిపోయింది. అది 1937లోనే వేరైపోయిందని, లాటరీ జాబితాలో దర్జాగా ఉందని, బంగ్లాదేశ్ పోయిన దుఃఖంలో జాబితా మొదటినుంచి చదువుతుంటే కనబడింది. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మావయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆవిడని చూశాడు.

"ఏవోయ్, నువ్వు టేకువి" అన్నాడు, ఈసారి గౌరవంగా.

ఆవిడే దరఖాస్తు పెట్టుకోవాలంటే ఇంటర్ దాకా చదువైనా, తగిన పనిలో రెండేళ్ల అనుభవమైనా ఉండాలి. అత్తయ్య తొమ్మిదో క్లాసుతో ఆపేసింది, వంటింటి అనుభవం వాళ్లు లెక్కపెట్టరు. చదువు ఈయనది, దేశం ఆవిడది.

"అయితే మీరెళ్లిరండి" అంది అత్తయ్య.

"అలా కుదరదు. నీ దేశం మీద వెళ్తున్నాను కాబట్టి ఇద్దరం కలిసే దిగాలి."

"నేను రానంటే?"

మావయ్య నోట మాట లేదు. అత్తయ్య "అలాగా" అని ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయన రుచికే వండేవారు, ఆ రాత్రి కూరలో బెల్లం పడింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు.

కలకత్తాలో గల్లీకో లాటరీ బల్ల ఉంటుంది. మావయ్య వాటివంక చూడనైనా చూడడు, జూదమంటాడు. కోటి దరఖాస్తుల్లో మీ పేరెలా తగులుతుందని ఒకసారి అడిగాను. ఈ వయసులో వెళ్లి ఏం చేస్తారని కూడా అడిగాను. "వెళ్లాలని ఎవరన్నార్రా? అర్హత ఉందా లేదా, అదీ" అన్నాడు. అమెరికన్ కాన్సులేటున్న వీధి పేరు హో చి మిన్ సరణి. అటుగా బస్సులో వెళ్లినప్పుడు మాత్రం ఒకసారి మెడ సర్దుకుంటాడు.

తర్వాత కూడా ఆయన ఏటా దరఖాస్తు పెట్టాడు. ఒక్కసారీ తగల్లేదు. కానీ భార్య ఫొటో కూడా జతచేయాలి, అది ఆరు నెలల లోపు తీయించినదై ఉండాలి. వెనక తెల్లగోడ కాబట్టి చీర ముదురు రంగైతే బాగుంటుందని స్టూడియో కుర్రాడు చెప్పాడట. అందుకని ప్రతి సెప్టెంబరులోనూ మావయ్య గడియాహాట్ వెళ్లి అత్తయ్యకి కొత్త చీర కొంటున్నాడు. రంగు ఆవిడే చెబుతుంది.