ఈరోజు ఫొటో అయ్యిందా?

జనవరి ఒకటో తారీకున పట్టే వ్రతాల్లో చక్కెర మానేయడం, తెల్లవారుజామున నడవడం పాతబడ్డాయి. ఇప్పుడు జోరుగా నడుస్తున్నది ఏకచిత్ర వ్రతం. రోజుకి ఒక్క ఫొటో, ఏడాదికి 365. నియమాలు కఠినం. ఒక్కరోజు తప్పిందా, పుణ్యమంతా పోయి మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలు. రాత్రి పదకొండున్నరకి గుర్తొచ్చినా సరే, మంచం దిగి ఏదో ఒకటి తీసి పడుకోవాల్సిందే. డిసెంబరు 31న ఉద్యాపన: 365 బొమ్మలూ వరసగా పరుగెత్తే వీడియో, వెనకాల పియానో. చూసినవాళ్లు తలా ఒక లైకు కొట్టి దక్షిణ చెల్లించుకుంటారు.

ఫలమేమిటయ్యా అని అడిగితే వ్రతధారులందరిదీ ఒకటే మాట. మామూలు జీవితాన్ని ఉన్నదున్నట్టు దాచిపెడుతున్నారట. పెళ్లిళ్లూ పేరంటాలూ ఎవరైనా తీస్తారు, మేం మామూలు రోజులకి గౌరవం ఇస్తున్నాం అంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది. దాచిన సరుకేమిటో చూడాలి కదా మరి.

బాల్కనీ గోడ మీద కాఫీ కప్పు. ఆవిరి సరిగా కనబడలేదని రెండుసార్లు వేడిచేసిన కాఫీ అది. చివరికి సింకులోకి పోయింది. బోర్లించిన పుస్తకం, దాని మీద కళ్లజోడు. ముప్ఫయ్యో పేజీ దాటి ఎవరైనా చదివిన దాఖలాలు లేవు. కిటికీ అద్దం మీద వాన చినుకులు. గుమ్మంలో విడిచిన చెప్పులు. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంట్లో చెప్పులూ కుండీలూ, వీధిలో కుక్కలూ అయిపోతాయి. అప్పుడు సీలింగు ఫ్యాను వంతు. మార్చిలో సొంత నీడ. ఏమీ తోచని రోజున రంగులు తీసేస్తారు. నలుపు తెలుపుల్లోకి మారిస్తే ప్లాస్టిక్ బకెట్టుకైనా వేదాంతం వచ్చేస్తుంది. కింద ఒక్కటే మాట: ‘నిశ్శబ్దం’. ఆ ఫొటో తీస్తున్నంతసేపూ వంటింట్లో మిక్సీ తిరుగుతూనే ఉంది.

మరి మన మామూలు జీవితం ఏది? మోటారు వేసి మర్చిపోతే పొంగిపోయిన ట్యాంకు. గ్యాసు బండ తెచ్చినతను గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతుంటే ఇల్లంతా ఫోను కోసం వెతుకులాట. పనమ్మాయి రాని రోజు సింకు. జీతం పడిన మర్నాడే ఈఎంఐ కోసేసుకున్నామని బ్యాంకు మెసేజీ. కరెంటు బిల్లు చూశాక ఏసీ రిమోటు కోసం ఇంట్లో జరిగే యుద్ధం. పిల్లాడి ఫీజు కట్టడానికి తమ్ముడికి ఫోను చేసి, అసలు సంగతి ఎత్తలేక వాతావరణం గురించి పది నిమిషాలు మాట్లాడటం. మన రోజుల్లో ముప్పాతిక భాగం ఇదే కదా! వీటిలో ఒక్కటీ ఆ 365లోకి రాదు. రానివ్వరు. మామూలు జీవితం కావాలి గానీ అందులో మామూలు వాసన తగలకూడదు. ఇక ఆ జీవితాన్ని నెత్తిన పెట్టుకుని నడిపే ఇంటావిడ ఫొటోల్లో ఉంటుందా అంటే, ఎందుకుండదు, ఉంటుంది. పళ్లెం అందిస్తున్న చెయ్యి, మణికట్టు దాకా.

మా చుట్టాల్లో ఒకబ్బాయి ఈ వ్రతం మహా నిష్ఠగా చేస్తాడు. వాళ్ల వరండాలో పాత పేము కుర్చీ ఒకటుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే అందంగానే ఉంటుంది, కాదనను. కాకపోతే ఆ వేళకి వాళ్ల తాతయ్య అందులో కూర్చుని ఉంటారు. “తాతయ్యా, ఒక్క నిమిషం లేస్తావా?” అని ఆయన్ని లేపి, కుర్చీ మాత్రమే తీశాడు. కింద ‘ఎదురుచూపు’ అని రాశాడు. నిజంగా ఎదురుచూసింది స్తంభం పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దాయన, మనవడు ఎప్పుడు కూర్చోనిస్తాడా అని.

ఇల్లు కదిలి యాత్రకి వెళ్తే ఈ నిష్ఠ ఇంకా ముదురుతుంది. లేపాక్షి వీరభద్రస్వామి గుళ్లో మండపం పైకప్పు నిండా విజయనగర కాలం నాటి వర్ణచిత్రాలున్నాయి. 16వ శతాబ్దపు ఆడవాళ్లు ఏ అంచు చీరలు కట్టారో మెడ ఎత్తితే కనబడుతుంది. మెడ ఎత్తే తీరిక ఎవరికుంది? అందరూ వేలాడే స్తంభం దగ్గర నేల మీదకి వంగి, దాని కింద నుంచి చున్నీ దూర్చి లాగుతూ ఫొటో దిగుతున్నారు. పాడేరు దగ్గర వంజంగి కొండకి అర్ధరాత్రి బయల్దేరి, చీకట్లో పడుతూ లేస్తూ ఎక్కి, తెల్లారగానే మబ్బుల వైపు తిరిగి, చేతులు చాచి, కెమెరాకి వీపులు చూపిస్తారు. ఎవరి వీపు ఎవరి ఫోన్లో ఉన్నా ఇబ్బంది లేదు, తేడా తెలిస్తేగా.

అసలు చిక్కు తిరుమలలో వస్తుంది. గుళ్లోకి ఫోను రానివ్వరు. క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చోవాలి. ఒక పక్క పసిబిడ్డకి పాలు కలుపుతున్న తల్లి, ఇంకో పక్క కొత్త గుండ్లకి చందనం పూసుకున్న తండ్రీ కొడుకులు, గేటు చప్పుడైతే చాలు మోకాళ్ల నొప్పి మరిచి అందరికంటే ముందు పరుగెత్తే మామ్మగారు. మామూలు జీవితం గంపలకొద్దీ కళ్లముందుంటే మన వ్రతధారి చెయ్యి ఖాళీగా ఉందని విలవిల్లాడుతుంటాడు. చివరికి కౌంటర్లో ఫోను చేతికొచ్చాక, లడ్డూని కారు డాష్‌బోర్డు మీద నిలబెట్టి తీస్తాడు. అతని చరిత్రలో ఆ రోజంతా ఆ లడ్డూయే.

ఫోనూ కెమెరా లేని కాలంలో మనవాళ్లలో ఒకాయన యాత్ర చేశారు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు ఏనుగుల వీరాస్వామి. 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా రాసి, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపేవారు. పిళ్లై దాన్ని 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు. ఏముంటుంది అందులో? ఎక్కడ దిగాం, నీళ్లు ఎలాంటివి, దారి ఇసకా రాయా, అంగళ్లున్నాయా, సామాను దొరుకుతుందా లేదా. చప్పటి సంగతులు. ఆ చప్పటి సంగతుల కోసమే చరిత్రకారులు ఇవాళ్టికీ ఆ పుస్తకం తిరగేస్తున్నారు. ఆయన చేతిలో మన ఫోను పెట్టి పంపి ఉంటే ప్రతి మజిలీలోనూ ఒక సూర్యాస్తమయం మిగిలేది, ఆ ఊళ్లో మంచినీళ్లు దొరికేవో లేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఫొటో తీస్తే గుర్తుంటుంది కదండీ అంటారు. లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆ ముచ్చట కూడా తీర్చేసింది. విద్యార్థుల్ని మ్యూజియంలో తిప్పి, కొన్నింటిని ఊరికే చూడమని, కొన్నింటిని ఫొటో తీయమని, మర్నాడు అడిగితే ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని బుర్ర సెలవు పెట్టిందన్నమాట. 2014లో వచ్చిన పరిశోధన ఇది. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదట.

ఈ నాటకం చూసి విసిగినవాళ్లు 2020లో ఫ్రాన్సులో బీరియల్ అనే యాప్ పుట్టించారు. రోజులో ఎప్పుడో ఒకసారి గంట మోగుతుంది. రెండు నిమిషాల్లో ముందు కెమెరాతోనూ వెనక కెమెరాతోనూ ఉన్నదున్నట్టు తీసి పెట్టాలి. నిజాయితీకి అలారం పెట్టారు. ఆలస్యంగా పెట్టినా ఆ యాప్ కాదనలేదు. ఇంకేం, గంట మోగినప్పుడు మంచం మీద దొర్లుతున్న జనం ఊరుకుని, సాయంత్రం మంచి హోటల్లో ప్లేటు ముందు కూర్చున్నాక తాపీగా నిజాయితీ చూపించారు. ఆ కంపెనీ 2024లో 50 కోట్ల యూరోలకి అమ్ముడుపోయింది. నిజాయితీకి అంత ధర పలకడం నేనెప్పుడూ వినలేదు.

రోజుకో ఫొటోని ఎవరూ సరిగా చెయ్యలేదని అనను. న్యూయార్కులో జేమీ లివింగ్‌స్టన్ అనే అతను 1979 మార్చి 31న పోలరాయిడ్ ఎస్ఎక్స్-70 కెమెరాతో మొదలుపెట్టి, 1997 అక్టోబరు 25న, తన 41వ పుట్టినరోజున కన్నుమూసేదాకా తీశాడు. ఆరువేలకి పైగా ఫొటోలు. ఒక ఫిల్ము ప్యాకులో వచ్చేవి పదే, ఖరీదూ ఎక్కువే. నచ్చకపోతే చెరిపి మళ్లీ తీసుకునే సుఖం లేదు. వాటిలో స్నేహితులు, భోజనాలు, ఏమీ జరగని సాయంత్రాలు, చివర్లో క్యాన్సరు, ఆసుపత్రి మంచం. అతను పోయిన పదేళ్లకి, 2007లో, స్నేహితులు వాటిని ప్రదర్శనగా పెట్టారు. చూసేవాళ్ల మొహం చూసి తీసినవి కావు అవి. అన్నిటికంటే ముఖ్యంగా, వాటి నిండా మనుషులున్నారు. ఎవర్నీ కుర్చీలోంచి లేపలేదు.

మా చుట్టాలబ్బాయి వాళ్ల తాతయ్య కిందటేడు పోయారు. పెద్దకర్మకి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వేయించాలి, మంచి ఫొటో ఒకటివ్వరా అంది మేనత్త. ఫొటోలకి వాడి దగ్గర కరువేమిటి? ఫోనంతా, క్లౌడంతా గాలించాడు. పేము కుర్చీ ఆరు కోణాల్లో దొరికింది. చేతికర్ర నీడ నలుపు తెలుపుల్లో దొరికింది. ఆయన తాగిన మజ్జిగ గ్లాసు కూడా దొరికింది. ఆయన దొరకలేదు. ఆఖరికి ఆధార్ కార్డులో బెదురు కళ్లతో, కాలరు ఒక పక్కకి ఒరిగి ఉన్న ఫొటోనే పెద్దది చేయించి వీధి మొగలో కట్టారు. కట్టడం అయ్యాక కుర్రాడు నాలుగడుగులు వెనక్కి వేసి, ఫ్లెక్సీ మీద ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగి, ఒకటి తీసుకున్నాడు. ఆ రోజుది అయిపోయింది.