నా మోకాలికి సీనియర్ సిటిజన్ రాయితీ

నాకు యాభై రెండేళ్లు. నా ఎడమ మోకాలికి డెబ్భై. ఈ లెక్క నేను వేసింది కాదు. నెల్లూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "గుజ్జు బాగా అరిగిపోయిందయ్యా, డెబ్భై ఏళ్ల మోకాలు ఇట్టా ఉంటుంది" అని తేల్చేశాడు. నేను పల్లెవెలుగు బస్సులో కండక్టర్ని. అరవై దాటినవాళ్లకు ఆధార్ చూసి టికెట్టులో 25 శాతం తగ్గించేది నేనే. ఆ రూలు ప్రకారం నా శరీరంలో ఎడమ మోకాలికి మాత్రం రాయితీ వర్తిస్తుంది, మిగతా మనిషికంతా ఫుల్ ఛార్జీ.

డాక్టరు చీటీ మీద మందులతో పాటు జాగ్రత్తలు కూడా రాశాడు. ఎక్కువసేపు నిలబడకూడదు. మెట్లు ఎక్కి దిగకూడదు. బరువు మొయ్యకూడదు. కుదుపులు తగలకూడదు. అన్నీ రాసేశాక, "ఇంతకీ ఏం ఉద్యోగం?" అని అడిగాడు.

"బస్సు కండక్టర్ని సార్."

ఆయన పెన్ను పక్కనపెట్టి చీటీని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చీటీని చూశాడు. నా డ్యూటీ మొత్తాన్ని వరసగా రాసి, ఒక్కో లైను చివర 'కూడదు' తగిలించినట్టుంది ఆ చీటీ. చివరికి "కొంచెం జాగ్రత్తగా ఉండండి" అన్నాడు. అంతకంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కండక్టరు పని తెలియనివాళ్లు మాకు రెండే చేతులు ఉన్నాయనుకుంటారు. ఒక చేత్తో టికెట్టు మిషను, రెండో చేత్తో నోట్లు, చిల్లర. మరి ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు పోయే బస్సు మలుపు తిరిగినప్పుడు పడిపోకుండా పట్టుకునేది దేంతో? మోకాలితో. సీటు అంచుకు నడుం ఆనించి, ఎడమ మోకాలిని సీటు కింది కమ్మీకి గట్టిగా నొక్కి పెట్టి, ఆ ఆసరాతోనే యాభై రూపాయలకు చిల్లర లెక్కపెడతాం. ఎదురుగా గేదె వస్తే డ్రైవరు బ్రేకు వేస్తాడు. గేదె బతుకుతుంది. ఆ బ్రేకు తాలూకు బరువంతా వచ్చి నా మోకాలి చిప్ప మీద పడుతుంది. దుత్తలూరు దాటేలోపు ఇట్టాంటివి ఎన్ని గేదెలో, ఎన్ని మేకలమందలో! వాటిలో ఒక్కటి కూడా ఆగి, "నీ మోకాలు ఎట్టా ఉండాది?" అని అడిగిన పాపాన పోలేదు.

మా డ్రైవరుకూ ఎడమ మోకాలే నొప్పి. ఆయనది క్లచ్ మోకాలు. పొద్దున్నుంచి ఎన్ని ఊళ్లు వస్తే అన్నిసార్లు, ఊళ్ల మధ్య ఎన్ని గుంటలు ఉంటే అన్నిసార్లు నొక్కాల్సిందే. బస్టాండులో ఇద్దరం దిగి టీ కొట్టుకు నడుస్తుంటే, వెనక నుంచి చూసేవాళ్లకు మేమిద్దరం ఒకే కాలుతో కవాతు చేస్తున్నట్టు ఉంటుంది.

ఒకరోజు ఆయనకు లండన్ సంగతి చెప్పాను. అక్కడ జెర్రీ మారిస్ అనే వైద్య శాస్త్రవేత్త ఉండేవాడు. బస్సు డ్రైవర్లకు గుండెజబ్బు ఎంతమందికి వస్తోంది, కండక్టర్లకు ఎంతమందికి వస్తోంది అని తన బృందంతో కలిసి లెక్కలు తీశాడు. 1953లో లాన్సెట్ పత్రికలో అచ్చయిందది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. వ్యాయామం గుండెకు మంచిదని ఇవాళ టీవీలో ప్రతి డాక్టరూ చెబుతున్నాడంటే, ఆ మాటకు తొలి సాక్షుల్లో మా కండక్టర్లు ఉన్నారన్నమాట. నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

డ్రైవరు అంతా విని టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే నాకు గుండె పోతాది, నీకు మోకాళ్లు పోతాయి. మన ముగ్గురిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండేది బండికి ఒక్కదానికే."

ఇక నా అసలు వైద్యులు నా బస్సులోనే ఉన్నారు. వాళ్లకు ఫీజు లేదు, ఓపీ చీటీ లేదు, వేళాపాళా లేదు. నేను కొంచెం కాలు ఈడ్చానంటే చాలు, ఆస్పత్రి తెరుచుకుంటుంది. 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' వచ్చి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో ప్రయాణం ఉచితమయ్యాక ఈ ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ల సంఖ్య బాగా పెరిగింది. జీరో టికెట్టు కొట్టి చేతికిచ్చేలోపు ఒక్కో అవ్వ ఒక్కో మందు చెబుతుంది.

"ఏమబ్బయా, కుంటతా ఉండావే?"

"మోకాలు అవ్వా."

"నల్లేరు తిను. మేం తిన్లా? నాకు ఎనభై వస్తా ఉండాయి, ఇప్పటికీ కింద కూర్చోని రాగులు విసరతా."

పక్కనున్న ఆమె ఊరుకుంటుందా? "నల్లేరేంది వదినా, వావిలాకు కాచి ఆ నీళ్లు పొయ్యాల." వెనక సీటు పెద్దాయన జిల్లేడాకుకు ఆముదం రాసి, సెగ చూపించి కట్టమన్నాడు. ముందు సీటు కుర్రోడు ఫోనులో ఏదో నూనె చూపించి, మూడు కొంటే ఒకటి ఉచితమన్నాడు. ఇంకొకాయన పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమన్నాడు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు కదా మామా, నాది అరిగిన మోకాలు కదా అంటే, "ఆ అరిగింది ఎప్పుడో విరక్కపోతాదా? ముందే కట్టించుకో" అన్నాడు. ఈ ముందుచూపు నెల్లూరు జిల్లా వాళ్లకే ఉంటుంది.

నల్లేరు మాట విని ఇంట్లో పచ్చడి చేయించాను. లేత కణుపులు ఏరి, అంచుల్లో నార తీసి, చేతికి నూనె రాసుకుని తరిగి, బాగా వేయించి, చింతపండు దండిగా వెయ్యాలి. లేకపోతే దురద. మా ఆవిడ అన్నీ చేసింది, వేయించే దగ్గర మాత్రం సీరియల్ వచ్చింది. ఆ రాత్రంతా నాలుక, గొంతు, పెదాలు ఒకటే దురద. తెల్లారేదాకా మోకాలు గుర్తుకురాలేదు. ఆ లెక్కన నల్లేరు నొప్పికి పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటాను.

మరో దారి కూడా ఉంది, ఒక్క సూది దారి. పల్లెల్లో సూది వేసే ఆయన లేని ఊరు ఉండదు. సూది పడిందంటే సాయంత్రానికి మోకాలు పెళ్లికొడుకు. ఆ హుషారులో నాలుగు పనులు ఎక్కువ చేస్తాం. వారం తిరిగేసరికి నొప్పి వడ్డీతో సహా వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. నొప్పి బిళ్లలు అదేపనిగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం తప్పు కావచ్చు గానీ, మోకాలికీ కిడ్నీకీ మాత్రం ఈ బిళ్లల పుణ్యాన నిజంగానే ముడి పడుతుంది.

ఇంతమంది వైద్యుల్లో ఒక్క విషయం గమనించాను. తినమన్నవాళ్లు ఉన్నారు, తాగమన్నవాళ్లు ఉన్నారు, పూసుకోమన్నవాళ్లు, కట్టుకోమన్నవాళ్లు, మొక్కుకోమన్నవాళ్లు ఉన్నారు. ఏఎస్ పేట దర్గాకు పోయే తల్లి తన మొక్కుతో పాటు నా మోకాలి పేరు కూడా చెబుతానంది. నర్రవాడ వెంగమాంబ తల్లికి మొక్కుకో అని ఇంకో అక్క చెప్పింది. కానీ "కాసేపు కూర్చో నాయనా" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. పైగా ఈ వైద్యం చెప్పేవాళ్లంతా కూర్చునే చెబుతారు. కండక్టరు సీటని ఒకటి ఉంటుంది, నిజమే. అందులో చంటిబిడ్డ తల్లి ఉంటుంది. ఆమె దిగితే పెద్దాయన ఉంటాడు. ఆయన దిగితే ఎవరిదో బియ్యం మూట ఉంటుంది. ఆ మూటకూ మోకాళ్ల నొప్పులేమో అని అడగలేను కదా!

ఈ గడ్డ మీద మోకాళ్ల కష్టం నాతో మొదలైంది కాదు. ఉదయగిరి దుర్గం ఎత్తు 3,079 అడుగులు. 1513లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఈ కోటను ముట్టడిస్తే, చేజిక్కడానికి ఏడాది దాటి 1514 దాకా పట్టింది. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. రాయలు గెలిచాడని పుస్తకాల్లో ఉంది. ఆ విగ్రహాన్ని కొండ మీద నుంచి కిందికి దించినవాళ్ల మోకాళ్లు ఏమయ్యాయో లేదు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ పడుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు రాయల కన్నా ఆ మోసినవాళ్ల మీదే దిగులు.

నవ్వుకోలేని మోకాళ్లు కూడా నా బస్సెక్కుతాయి. 1937లో షార్ట్ అనే దొర, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. దేశంలో ఆ జబ్బును అట్టా గుర్తించడం అదే మొదలు. దర్శి, పొదిలి, కనిగిరి కూడా అప్పుడు నెల్లూరు జిల్లావే. రైతులు మొదట ఎద్దుల్లో చూశారట, కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం. తర్వాత అదే మనుషుల్లో. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మా వరికుంటపాడు వైపు ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లు మెట్టు ఎక్కాలంటే ముందు ఒక చెయ్యి కమ్మీ పట్టుకుంటుంది, రెండో చెయ్యి కాలిని ఎత్తి మెట్టు మీద పెడుతుంది. వాళ్లు ఎక్కేదాకా నేను రైట్ చెప్పను. వెనకనుంచి ఎవరైనా "టైమయింది, పోనీ" అని అరిచారా, అప్పుడు మాత్రం నా మోకాలు, నోరు రెండూ బాగా పనిచేస్తాయి.

ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే పెద్దాయన ఒకడు నాకు రోజువారీ గిరాకీ. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. చెక్కను కాళ్లతో అదిమిపట్టి, నేలమీద కూర్చుని పొద్దుగూకేదాకా ఉలితో, ఆకురాయితో పని. ఆయన చెక్కిన చెంచా పట్టుకుంటే చేతికి ఒక్క పొర తగలదు. ఆయన లేవాలంటే మాత్రం ఇద్దరు పట్టుకోవాలి.

"నిలబడి నిలబడి నాకు అరిగింది పెద్దాయనా" అన్నాను.

"కూర్చోని కూర్చోని నాకు అరిగింది" అన్నాడు. "మనిద్దరం పనులు మార్చుకుందామా?"

మార్చుకోలేదు. కానీ ఫిజియో అమ్మాయి చెప్పింది ఇదే. అదేపనిగా నిలబడటమూ చేటే, అదేపనిగా గొంతుకూర్చోవడమూ చేటే. మార్చి మార్చి చెయ్యాలి, తొడ కండరం గట్టిపడాలి, బరువు తగ్గాలి. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఇంత మంచి వడ్డీ ఏ చిట్టీలోనూ రాదని, ఆత్మకూరు బస్టాండులో సాయంత్రం బజ్జీలు మానేశాను. వాసన మాత్రం పీలుస్తాను, దానికి కిలోలు లేవు.

వ్యాయామం కూడా చెప్పింది. టవలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలు చాపి, ఆ చుట్టను కిందికి అదిమిపట్టి పది లెక్కపెట్టాలి. ఆత్మకూరులో బస్సు ఆగినప్పుడు ఖాళీ సీటు మీద మొదలుపెట్టాను. నాలుగు దాకా లెక్కపెట్టానో లేదో, కిటికీలో నుంచి ఒక తల లోపలికొచ్చింది.

"ఏంది కండక్టరన్నా, నువ్వే టవలేసి సీటు పట్టుకుంటే ఇంక మేమేం కావాల?"

"సీటు కాదయ్యా, మోకాలు."

"మోకాలికి టవలేస్తారా యాడన్నా?" అని నా మాట నమ్మక, ఆ పక్క సీట్లో తన టవలు కూడా వేసి పోయాడు.

ఇప్పుడు నాకు, మోకాలికి ఒక రాజీ కుదిరింది. బస్టాండులోనే, బండి కదలక ముందే సగం టికెట్లు కొట్టేస్తాను. మలుపుల్లో కమ్మీకి మోకాలు బదులు నడుం ఆనిస్తాను. బస్సు కిక్కిరిసి ఉంటే వెనకదాకా తోసుకుంటూ పోను. "డబ్బులు అందివ్వండి, టికెట్టు అందిస్తా" అని ముందు నుంచే కేకేస్తాను. వెనక సీటు కాలేజీ పిల్లోడి చేతిలోని నోటు అక్క చేతికి, అక్క చేతి నుంచి మామ చేతికి, మామ నుంచి అవ్వకు, అవ్వ నుంచి నాకు వస్తుంది. టికెట్టు, చిల్లర అదే దారిన వెనక్కి పోతాయి. బస్సు నిండా మోకాళ్లే ఉండగా నా ఒక్కదాన్నే ఎందుకు అరగదీసుకోవాలి?

చిక్కల్లా ఒకటే. ఆ దారిలో వచ్చేవి డబ్బులు మాత్రమే కాదు. మొన్న వింజమూరు దాటాక వెనక నుంచి ఇరవై రూపాయల నోటు చేతులు మారి నా దాకా వచ్చింది. దాంతో పాటే కబురు కూడా చేతులు మారి వచ్చింది. వెనక సీట్లో ఎవరో "మునగాకు తినమను" అన్నారట. మధ్యలోకి వచ్చేసరికి అది "మునగాకు కట్టమను" అయింది. నా దగ్గరికి చేరేసరికి అవ్వ నోటును నా చేతిలో పెట్టి, గట్టిగా చెప్పింది.

"మునగచెట్టు ఎక్కమంటా ఉండారు నాయనా."