ఆపినవాళ్ళ తరఫున ఒక గ్యాలరీ

నేను గ్యాలరీని. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరేటప్పుడు జనం కూర్చుని చూసే మెట్ల వరసని. ఐదు వేల మందికి చోటిస్తాను. 2019 ఏప్రిల్ 1న పీఎస్‌ఎల్‌వీ-సీ45 ఎగిరిన పొద్దున మామూలు జనాన్ని మొదటిసారి నా మీద కూర్చోబెట్టారు. అంతకు ముందు చుట్టుపక్కల వాళ్ళకి రాకెట్ అంటే సూళ్ళూరుపేట మేడల మీంచో, పులికాట్ కట్ట మీంచో కనిపించే నిప్పుచుక్క. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డు చూపించి, దర్జాగా వచ్చి కూర్చుంటున్నారు.

మెట్లకి చెవులుండవన్న ధైర్యంతో నా దగ్గర ఎవరూ ఏదీ దాచుకోరు. రాకెట్ ఎగిరితే ‘మనవాళ్ళు’ అంటారు. పడితే ‘వాళ్ళు’ అంటారు. ఎగరకుండా ఆగితే ఏమంటారో ఇక్కడ రాయడం బాగుండదు. అభిమానం ఉన్నచోట తిట్టూ ఉంటుంది, అందులో తప్పులేదు. కానీ నేను విన్న తిట్లలో చాలావాటికి నా దగ్గర జవాబుంది. నన్నెవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

2024 డిసెంబరు 4. యూరప్ వాళ్ళ ప్రోబా-3 జంట ఉపగ్రహాలు ఎగరాల్సిన సాయంత్రం. ఇంకో గంట కూడా లేదనగా ఉపగ్రహంలో లోపం కనబడిందని మర్నాటికి వాయిదా వేశారు. నాయుడుపేట నుంచి మేనమామతో వచ్చిన ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. ఒంటి మీద ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ ఎర్ర జెర్సీ.

“ఏంది మామా ఇది! మేనేజిమెంటే సరిగ్గా లేదు. పైనున్నోళ్ళని మార్చాల.”

మేనమామ కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ, “మీ క్లబ్బు లీగు గెల్చి ఎన్నేళ్ళయిందిరా అబ్బయ్యా?” అన్నాడు.

“ఇరవై. అయినా అది వేరే మామా. ఆర్టెటా కోచ్‌గా వచ్చినాక మొదట రెండు సీజన్లూ లీగులో ఎనిమిదో స్థానమే. తీసెయ్యమని అందరూ గోల చేసినారు. మేనేజిమెంటు తియ్యలా. ఇప్పుడు చూడు, వరసగా రెండేళ్ళు రెండో స్థానం. జట్టు కట్టడమంటే మాటలా? ఓపిక పట్టాల.”

మేనమామ నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు సాయంత్రం 4 గంటల 4 నిమిషాలకి రాకెట్ ఎగిరి, ఆ జంటని చెప్పిన కక్ష్యలో వదిలిపెట్టింది. కుర్రాడు ఆ రోజు రాలేదు.

లండన్‌లో ఉన్న క్లబ్బు మీద అంత ఓపిక ఉన్నవాడికి, ఊరికి దగ్గర్లో ఉన్న రాకెట్ కేంద్రం మీద ఒక్క పూట ఓపిక ఎందుకు లేదు? నాకు తోచిన కారణం ఇది. అభిమాని ఎగిరినవాటిని లెక్కపెడతాడు. ఆపినవాటిని లెక్కపెట్టడు. నడిపేవాళ్ళ పనితనం మాత్రం ఆపిన చోటే బయటపడుతుంది.

నేను చూసిన రాత్రుల్లో 2019 జులై 14 రాత్రి లాంటిది ఇంకొకటి లేదు. తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకి చంద్రయాన్-2 ఎగరాలి. పెరుగన్నం పొట్లాలు, దోమలు, ఒళ్ళో నిద్రపోయిన పిల్లలు, వాళ్ళ బుగ్గల మీద మూడు రంగుల జెండా బొమ్మలు. అవతల రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూడా వచ్చి ఉన్నారు. గడియారం 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర నిలిచిపోయింది. మొదట తెర పాడైందనుకున్నారు. కాసేపటికి, రాకెట్‌లో సాంకేతిక లోపం, ఇవాళ్టికి లేదు అన్న కబురొచ్చింది. ఒక తండ్రి నిద్రలో ఉన్న కూతుర్ని భుజాన వేసుకుంటూ, “జీతం కోసుకుంటారని తెలిసి కూడా సెలవు పెట్టి వచ్చా. ఇదంతా ముందే చూసుకోరా?” అన్నాడు. ఆయన బాధ న్యాయమైనదే. కానీ రాష్ట్రపతి కూర్చుని ఉండగా, దేశమంతా టీవీల ముందు మేలుకుని ఉండగా, ‘ఆపండి’ అనే ధైర్యం ఒకరికి ఉండటం, ఆ మాటకి పైవాళ్ళు తలొగ్గడం చిన్న విషయం కాదు. చాలా ఆఫీసుల్లో పెద్దాయన వేదికెక్కాక మైకు పనిచెయ్యడం లేదని చెప్పేవాడే ఉండడు. వారం తిరిగేసరికి, జులై 22 మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకి, అదే రాకెట్ చంద్రయాన్-2ని పైకి తీసుకెళ్ళింది.

ఈ అలవాటు ఇక్కడ ఊరికే రాలేదు. నేను పుట్టకముందు, 1979 ఆగస్టు 10న, ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి ఎగిరింది. ఆ కథ అబ్దుల్ కలాం గారే చాలా సభల్లో చెప్పారు. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ఆగమంది. వెనకున్న నిపుణులు ఫరవాలేదన్నారు. మిషన్ డైరెక్టర్‌గా ఆయన కంప్యూటర్ మాట పక్కనబెట్టి ఎగరేశారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందుకి అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వెళ్ళి బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు. 1980 జులై 18న రోహిణి కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం మాట్లాడమని కలాంనే ముందుకి పంపారు. ధావన్ పెద్దమనసు గురించి అందరూ చెప్పుకుంటారు. యంత్రం ఆగమన్నప్పుడు ఆగాలన్న సగం కూడా చెప్పుకోవాలని నా మనవి.

అది ఎంత విలువైన పాఠమో 2013లో తేలింది. 2010లో జీఎస్‌ఎల్‌వీ ఏప్రిల్లో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి పడింది. మూడేళ్ళు కూర్చుని సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో మళ్ళీ నిలబెట్టారు. 2013 ఆగస్టు 19న ఇంకో 74 నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని ఆపేశారు. వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు. లోపలివాళ్ళు రాకెట్‌ని వెనక్కి తీసుకెళ్ళి, ఆ దశనే కొత్తది పెట్టి, 2014 జనవరి 5న ఎగరేసి గెలిచారు. ఆ ఆగస్టులో పోనిద్దామని ఉంటే, ‘క్రయోజెనిక్ మనకి రాదు’ అన్న మాట ఇంకో పదేళ్ళు నడిచేది.

ఇక 2023 అక్టోబరు 21 ముచ్చట. గగన్‌యాన్ కోసం, ప్రమాదం వస్తే మనుషులున్న గదిని రాకెట్ నుంచి లాగేసే ఏర్పాటుకి అది పరీక్ష. 8 గంటలన్నది వాతావరణం బాగాలేక 8.45 అయింది. జనం గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. ఐదు దగ్గర కంప్యూటర్ ఆపేసింది. జనం ఆగలేదు. నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్నా అని అరిచి, చప్పట్లకి చేతులెత్తి, చెట్ల వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు. పొగ లేదు, మోత లేదు. ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొందరు జుట్టు సవరించుకున్నారు. ఛైర్మన్ సోమనాథ్ మైకు తీసుకుని, ఇంజిన్ అనుకున్నట్టు అంటుకోలేదు, వాహనం భద్రంగా ఉంది, కారణం చూసి చెబుతాం అన్నారు. 10 గంటలకి మళ్ళీ లెక్కపెట్టారు, ఎగిరింది, గది పారాచూట్లతో సముద్రంలో దిగింది.

ఆపడం మీద ఆరోపణకి ఇదీ నా జవాబు. రెండో ఆరోపణ, ‘అమెరికాలో ఏడాదికి వంద దాటిస్తుంటే మనకి ఇన్నేనా’ అన్నది. స్పేస్‌ఎక్స్ ఒక్కటే 2024లో వంద దాటించిన మాట నిజం. ఇక్కడ మొదలుపెట్టినప్పటి నుంచి నూరో ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది. కానీ వాళ్ళు వాడిన రాకెట్ కింది భాగాన్నే దింపుకుని మళ్ళీ వాడతారు. ఇక్కడ ప్రతిసారీ కొత్తది చెయ్యాలి, కక్ష్యకి వెళ్ళే పెద్ద రాకెట్లకి ఉన్నవి రెండే ప్రయోగ వేదికలు. మూడో వేదికకి 2025 జనవరిలో కేంద్రం 3,984.86 కోట్లు మంజూరు చేసింది. దక్షిణానికి పంపే రాకెట్ ఇక్కణ్ణుంచి శ్రీలంక మీదుగా పోకూడదు, వంకర తిరగాలి, ఆ తిరుగుడుకి ఇంధనం ఖర్చు. అందుకే చిన్న రాకెట్ల కోసం తమిళనాడు కులశేఖరపట్నంలో ఇంకో కేంద్రం కడుతున్నారు. గ్రౌండు చాలక ఆటలు తగ్గితే ఆటగాళ్ళని తిట్టి లాభం లేదు.

మూడోది, ‘పడగొట్టినవాళ్ళని పంపించెయ్యాలి’ అన్నది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగుతూ తప్పిపోయినప్పుడు నా మీద ఎంతమంది ఎంతమంది ఉద్యోగాలు ఊడబెరికారో! లోపల మాత్రం, ఏది చెడిపోయినా దిగగలగాలి అని మొదలుపెట్టి చంద్రయాన్-3ని గీశారు. అర కిలోమీటరు చదరంలో దిగాలన్నదాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకి పెంచారు. కాళ్ళు గట్టిపరిచారు. ఇంధనం ఎక్కువ నింపారు. 2023 ఆగస్టు 23న దిగింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవాణ్ణి ఇంటికి పంపిస్తే ఆ జ్ఞానం కూడా వాడి వెంటే పోతుంది.

‘పడితే కారణం చెప్పరు’ అన్న నాలుగో ఆరోపణ దగ్గర మాత్రం నేను వాళ్ళని వెనకేసుకురాను. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైంది. విచారణ నివేదిక జనం ముందు పెట్టకుండానే 2026 జనవరి 12న సీ62ని ఎగరేశారు. అదీ మూడో దశలోనే చెడింది. ఆర్సెనల్‌కి అమెరికాలో యజమాని ఉన్నాడు, అభిమాని టిక్కెట్టు కొనుక్కునేవాడు. ఇక్కడ నా మీద కూర్చునేవాళ్ళే యజమానులు, ఖర్చు వాళ్ళ పన్ను సొమ్మే. ఎందుకు ఆపారో మైకులో చెప్పినవాళ్ళు, ఎందుకు పడిందో కాగితం మీద కూడా చెప్పాలి.

నా మీద ఎన్నడూ కూర్చోని వాళ్ళూ ఉన్నారు. కేంద్రం రాకముందు ఈ దీవిలో యానాదులుండేవాళ్ళు, వాళ్ళని బయటికి తరలించారు. ప్రయోగం రోజున వలలు ఒడ్డున పెట్టుకుని కూర్చునే జాలర్లున్నారు. వాయిదా పడితే వాళ్ళకి ఇంకో పూట కూలి పోయినట్టే. వాళ్ళది అభిమానుల తిట్టు కాదు, బాకీ లెక్క. దానికి నా దగ్గరున్న జవాబులు పనికిరావు. అది తీర్చాల్సినవాళ్ళు తీర్చాలి.

అభిమానులకి మాత్రం ఒక్కటే చెబుతాను. రేపు ఇక్కణ్ణుంచి గగన్‌యాన్‌లో మనుషులు ఎక్కుతారు. ఆ రోజు నా మీద ఒక్క చోటు కూడా ఖాళీ ఉండదు, పెద్ద పెద్దవాళ్ళంతా వస్తారు, ముహూర్తం పెట్టేసి ఉంటారు. అప్పుడు కూడా ఏ కుర్ర ఇంజినీరో తన తెర మీద ఒక అంకె తేడాగా కనిపిస్తే ‘ఆపండి’ అనొచ్చు. ఆపినందుకు తిట్టుకోండి, సెలవు వృథా అయిందని నిట్టూర్చండి, నాకేం నొప్పి లేదు. కానీ ఇంటికెళ్ళే ముందు, ఆ మాట అన్నవాడి ఉద్యోగం భద్రంగానే ఉందా అని ఒకసారి అడగండి. ఉందని జవాబు వచ్చినంత కాలం ఈ కేంద్రాన్ని నడిపేవాళ్ళ మీద నాకు నమ్మకం ఉంటుంది.