ఎదురు శకునానికి ఒక బహిరంగ లేఖ

ఎదురు శకునమా,

హోసూరు, కృష్ణగిరి పక్క తెలుగిండ్లలో నీ పేరు ఎవరూ గట్టిగా ఎత్తరు. పెండ్లికొడుకు వాకిలి దాటే వేళకు "అవ్వా, రవంత లోపలుండు" అంటారు, అంతే. మగడు పోయినామె ఎదురొస్తే కీడంట. వాణ్ణి చంకనేసుకుని పెంచిన అవ్వే లోపలికి పోతుంది.

నలభై యాభై ఏండ్లు తోడున్న మగడు పోతే, ఆయనతోబాటే ఆమె పొద్దంతా పోతుంది. ఆయనకు సంగటి పెట్టే వేళ, మాత్రలిచ్చే వేళ, ఆయన మీద కసురుకునే వేళ, ఏదీ మిగలదు. కొడుకులు సిప్కాట్ ఫ్యాక్టరీల షిఫ్టులకో బెంగళూరుకో పోతే ఇల్లంతా ఆమె ఒక్కతే. రాత్రి ఆయన దగ్గినట్టు వినబడి లేచి కూర్చుంటుంది. తోడు పోయినవాళ్లకు అలా వినబడటం మామూలే. ఆమెకేదో అయిందని భయపడక్కర్లేదు. ఆ దిగులు మెత్తబడాలంటే మనుషులు కావాలి. ఆయన ముచ్చట్లు చెప్పుకునేందుకు, పసుపు కొట్టేకాడికి పిలిచేందుకు మనుషులు కావాలి. సరిగ్గా అప్పుడే నువ్వు వాళ్లను ఆమెకు దూరం చేస్తావు. గాజులు తీయించి, బొట్టు చెరిపించి, ఆయన చావుకు ఆమెనే పూచీ చేస్తావు. కొన్నాళ్లకు ఎవరూ చెప్పకముందే ఆమే పక్కకు తప్పుకుంటుంది. నిన్ను నేను క్షమించలేనిది అందుకే.

హోసూరు పక్క బాగలూరు, బేరికె తోటల్లో ఆమె కోసిన రోజాలు ఊరూరి పెండ్లిండ్లకు పోతాయి. ఒక్కటి తన తలలో తురుముకుంటే మాత్రం నువ్వు ఊరుకోవు.

వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం చేయించారు. ఆ పోరాటం పడుచుపిల్లల బతుకు కోసం. అరవై దాటిన అవ్వ అడిగేది పదిమందిలో చోటు. 2022లో మహారాష్ట్రలోని హేర్వాడ్ గ్రామసభ గాజులు పగలగొట్టే తంతు మానాలని తీర్మానించింది. 2023లో, ఈరోడ్ జిల్లా నుంచి వచ్చిన కేసులో, భర్త పోయినామెను గుడిలోకి రాకుండా ఆపకూడదని మద్రాసు హైకోర్టు చెప్పింది. పెండ్లింటి సంగతి తేల్చడానికి ఏ జడ్జీ రాడు, అది ఇంటివాళ్ల పని.

తాళికట్టే ముందు తాళి పళ్లేన్ని పెద్దలు తాకి దీవించేందుకు తిప్పుతారు. నీ మాట విని అది అవ్వను దాటేసి పోతూ వచ్చింది. ఈసారి మా ఇంటి పెండ్లిలో ఆ పళ్లెం మొదట ఆమె దగ్గరికే పోతుంది. ఎవరన్నా గొణిగితే బదులు చెప్పడానికి పెండ్లికూతురితో సహా అందరం అక్కడే ఉంటాం.