పోడు పట్టా కంటే పార్టీ తేలిక

కొండ మీద రెండెకరాల పోడుకి హక్కు పత్రం ఎలా సంపాదించాలో మా రంపచోడవరంలో బడి పిల్లాడైనా చెబుతాడు. 2005 డిసెంబరు 13కి ముందునుంచీ ఆ భూమి మన చేతిలోనే ఉందని చూపాలి. ఒక్క ఆధారం చాలదు, రెండైనా ఉండాలి. గ్రామసభ తీర్మానం చెయ్యాలి, సబ్ డివిజన్ కమిటీ చూడాలి, జిల్లా కమిటీ ఔననాలి. ఊరి పెద్దల మాట సాక్ష్యమే, తాత సమాధీ సాక్ష్యమే. ఇన్ని ఉన్నా ఫైలు ఏ బీరువాలో నిద్రపోతోందో దేవుడికెరుక.

అదే రాజకీయ పార్టీ కావాలంటే వందమంది ఓటర్లు, పదివేల రూపాయల డీడీ. తాత సమాధి అక్కర్లేదు. ఉంటే మాత్రం కలిసొస్తుంది, అది ఇడుపులపాయలో ఉన్నా, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్నా.

ఈ సంగతి మా బావ చెవిన పడింది. ఆయన పోడు ఫైలు చాలా ఏళ్ళుగా తిరుగుతోంది. ‘పట్టా ఇచ్చేవాళ్ళ కాళ్ళు పట్టుకునే బదులు, వాళ్ళచేత కాళ్ళు పట్టించుకునే పని చూసుకుంటే పోలా?’ అన్నాడు. తప్పేం కనబడలేదు నాకు. చట్టం తీసి చదివి వినిపించాను.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షన్. పార్టీ పుట్టిన ముప్పై రోజుల్లో ఢిల్లీలోని ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేరాలి. ఈ సెక్షన్ అమల్లోకి వచ్చింది 1989లో. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించేనాటికి ఇది పుట్టనేలేదు. తొమ్మిది నెలల్లో ఆయన అధికారంలోకి వచ్చేశారు. ‘ఆ తొమ్మిది నెలలూ ఇప్పుడు జిరాక్సులకే చాలవు’ అన్నాడు బావ.

ఆయన భయానికి కారణముంది. వందమందీ విడివిడిగా అఫిడవిట్ ఇవ్వాలి, నోటరీ ముందు సంతకం చెయ్యాలి. ఫలానా చోట ఓటరునని, మరే పార్టీలోనూ సభ్యుణ్ణి కానని రాయాలి. చిక్కంతా ఆ రెండో ముక్క దగ్గరే. ఏజెన్సీలో ఓటు లేనివాడు దొరుకుతాడేమో గానీ ఏ కండువా లేనివాడు దొరకడం కష్టం. వాన పడితే ఒకటి తలకి, ఎండకి ఒకటి భుజానికి. పైగా ఇప్పుడు పార్టీ సభ్యత్వం కడితే ప్రమాద బీమా కూడా ఇస్తున్నారు. ఘాట్ రోడ్డు మీద బతికేవాడు బీమా వదులుకుని ‘నేను ఏ పార్టీ వాణ్ణీ కాను’ అని ఎందుకు రాసిస్తాడు? బావ సంత రోజున చింతపండు గోతాల మధ్య తిరిగి తిరిగి, ఏ పార్టీకీ చెందనివాళ్ళని పదకొండు మందిని పోగేశాడు. వాళ్ళలో ఇద్దరు అంతకుముందు వారమే మిస్డ్ కాల్ ఇచ్చారట, ఏ పార్టీకో వాళ్ళకే గుర్తు లేదు.

ఇక చిరునామా. 2022 ఏప్రిల్ దాకా మేము తూర్పు గోదావరి జిల్లా. ఆ తర్వాత అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇప్పుడు పోలవరం పేరుతో కొత్త జిల్లా, దానికి కేంద్రం రంపచోడవరం. మనిషి గడప దాటకుండానే మూడు జిల్లాలు తిరిగేశాడు. ఓటరు కార్డులో మొదటిది, ఆధార్‌లో రెండోది, అఫిడవిట్‌లో మూడోది. ఢిల్లీలో గుమస్తా ఈ మూడూ ఒక్కడేనని నమ్మాలంటే ఆయన్ని ఒకసారి సీలేరు బస్సెక్కించాలి.

పార్టీ పేరు పెట్టుకున్నాక రెండు జాతీయ దినపత్రికల్లో, రెండు స్థానిక దినపత్రికల్లో, రెండు రోజులు ప్రకటన వెయ్యాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు ముప్పై రోజుల్లో చెప్పుకోవచ్చు. డీడీ పదివేలే గానీ ఈ ప్రకటనల బిల్లు చూస్తే జీలుగు కల్లు దిగిపోతుంది. మా కొండల్లో ముందస్తు నోటీసుకి వేరే పద్ధతుండేది. 1922లో అల్లూరి సీతారామరాజు ఫలానా స్టేషన్ మీదకి వస్తున్నామని ముందే కబురంపేవాడు, మిరపకాయ టపా అనేవారు దాన్ని. పత్రికకి చదరపు సెంటీమీటరు లెక్కన డబ్బు కట్టనక్కర్లేదు, అభ్యంతరాలకి గడువూ లేదు. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఇప్పుడు ఎన్నికల సంఘం ఎస్సెమ్మెస్ పంపుతుంది. చాలా సౌకర్యం. వై.రామవరం పైనున్న ఊళ్ళలో ఆ మెసేజ్ అందుకోవాలంటే సిగ్నల్ కోసం కొండ కొన ఎక్కాలి, అంతే.

పార్టీకి ఓ రాజ్యాంగం కూడా రాసుకోవాలి. అందులో సోషలిజానికి, సెక్యులరిజానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని రాసి తీరాలి. రాయకపోతే రిజిస్ట్రేషన్ లేదు. దేశంలో కొత్తగా పుట్టిన ప్రతి పార్టీ ఇది రాసే పుట్టింది. టికెట్‌కి రేటు కట్టేదీ, కాంట్రాక్టరు ఇంట్లో మీటింగు పెట్టేదీ కూడా కాగితం మీద సోషలిస్టే. మావోయిస్టులు ఇన్నేళ్ళు మా అడవుల్లో తిరిగి సాధించలేనిది ఒక్క సబ్ సెక్షన్ సాధించింది.

పదవులకి గడువు ప్రకారం ఎన్నికలు జరపాలని కూడా రాయాలి. బావకి ఇక్కడ మొహం మాడిపోయింది. ‘శాశ్వత అధ్యక్షుడని రాసుకోకూడదా?’ అన్నాడు. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ తర్వాత ఆ మాట బయటికొస్తే, శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం కోప్పడింది. తెలుగుదేశం వాళ్ళ పద్ధతి మేలని చెప్పాను. మహానాడులో ఎన్నిక పెడతారు, నామినేషన్లు పిలుస్తారు, చంద్రబాబు నాయుడు గారు ఏకగ్రీవంగా ఎన్నికవుతారు. ఎన్నిక జరిగినట్టూ ఉంటుంది, కుర్చీ కదలనట్టూ ఉంటుంది. బావ తేరుకున్నాడు.

తర్వాత గుర్తు. మా దారుల్లో సైకిల్ తొక్కుకుంటూ ఘాట్ ఎక్కినవాణ్ణి నేను చూడలేదు. ఫ్యాన్ కరెంటు ఉన్నప్పుడే తిరుగుతుంది. గాజు గ్లాసు ఒకటే సంతలో టీకైనా పనికొస్తుంది, కానీ దాని కష్టాలు దానివి. జనసేన 2014లో పుట్టినా, 2024 ఎన్నికల్లో ఆ పార్టీ నిలబడని చోట్ల గ్లాసు ఇండిపెండెంట్ల చేతిలోకి పోయి కోర్టుదాకా వెళ్ళాల్సి వచ్చింది. పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలిచాక, 2025 జనవరిలో గానీ గుర్తింపు దక్కలేదు, గ్లాసు సొంతం కాలేదు.

బావకి విల్లంబు కావాలట. కొండరెడ్లకి, కోయలకి అంతకంటే సొంతమైన గుర్తేముంది? అది జార్ఖండ్ ముక్తి మోర్చా దగ్గరొకటి ఉంది, మహారాష్ట్రలో శివసేన దగ్గరొకటి ఉంది. 2023లో శివసేన చీలిక మీద తీర్పు చెబుతూ దాన్ని షిండే వర్గానికిచ్చారు. విల్లు వంచడం రానివాళ్ళు విల్లు కోసం కొట్టుకున్నారన్నమాట. స్వేచ్ఛా గుర్తుల జాబితాలో ఏముందో చూశాం. బ్రెడ్ టోస్టర్ ఉంది. క్యాప్సికమ్ ఉంది. పచ్చిమిరపకాయ కూడా ఉంది, బావ కాసేపు దాని దగ్గర ఆగాడు. జీలుగు చెట్టు మాకు కనబడలేదు.

ఇంత శ్రమ ఎందుకు, రిజిస్టరైన పార్టీనే దొరకబుచ్చుకుంటే పోదా అని బావకి మధ్యలో ఓ ఆలోచన వచ్చింది. కొత్తదేం కాదు. 2011లో జగన్ మోహన్ రెడ్డి గారు సొంత పార్టీతో ముందుకొచ్చేసరికి వైఎస్సార్ కాంగ్రెస్ అనే పేరు శివకుమార్ అనే న్యాయవాది దగ్గర రిజిస్టరై ఉంది. అది ఈయన చేతికొచ్చింది. కాబట్టి ఇప్పుడే ఓ మంచి పేరు రిజిస్టర్ చేయించి ఊరుకుంటే, ఎవరో ఒక పెద్దాయన వెతుక్కుంటూ కొండెక్కడా అని బావ లెక్క. పార్టీ ఆదాయానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉందనగానే ఆ లెక్క ఇంకా పెద్దదైంది. పన్నంటే మా వాళ్ళకి చేదు. 1879లో రంప పితూరీకి నిప్పంటించిన వాటిలో కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒకటి. పార్టీ పెడితే పన్నుండదని ఆనాడు కారం తమ్మన్న దొరకి చెప్పినవాళ్ళు లేరు.

అయితే ఊరికే కూర్చుంటే కుదరదని చెప్పాల్సొచ్చింది. పార్టీని రిజిస్టర్ చేసే అధికారం ఉంది గానీ, మోసంలాంటి కారణం లేకుండా రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. సంఘం చాలాకాలం ఊరుకుని, 2025 ఆగస్టులో 334 పార్టీల్ని, సెప్టెంబరులో మరో 474 పార్టీల్ని జాబితాలోంచి తీసేసింది. రద్దు కాదు, తీసివేత. ఆరేళ్ళుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చెయ్యకపోవడం వాటి నేరం.

బావ చాలాసేపు మాట్లాడలేదు. ‘పోటీ చెయ్యనోళ్ళని తీసేశారు, బానే ఉంది. పోటీ చేసి, గెలిచి, ఐదేళ్ళు కొండెక్కనోళ్ళ మాటేంటి?’

‘దానికి సెక్షన్ లేదు బావా.’

‘అయితే మన పార్టీ రాజ్యాంగంలో రాయి. గెలిచినోడు వారానికోసారి కొండెక్కాలి. లేకపోతే పదవి ఊడుద్ది.’

రాశాను. మొత్తం చట్టంలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే. బావ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

‘అభ్యర్థిని నేనే కదా?’

‘నువ్వే.’

‘వారానికోసారంటే కష్టంరా. నెలకోసారని మార్చు.’

కొట్టేసి మార్చాను. కలం ఇంకా ఎత్తలేదు, మళ్ళీ భుజం తట్టాడు.

‘వర్షాకాలం మినహాయింపు పెట్టు.’