36 గంటల్లో దేశోద్ధరణ

తెలుగు రైతు సమస్యలు ఇప్పటికి ఎన్నిసార్లు తీరిపోయాయో లెక్క చెప్పడం కష్టం. మన ఇంజినీరింగ్ కాలేజీల సెమినార్ హాళ్లలో అవి శనివారం పొద్దున జ్యోతి ప్రజ్వలనతో తీరడం మొదలుపెట్టి, ఆదివారం సాయంత్రం గ్రూపు ఫోటోతో పూర్తిగా తీరిపోతాయి. సోమవారానికి మళ్లీ ఎలా మొలుస్తున్నాయో రైతునే అడగాలి. ఆయన్ని హాల్లోకి ఎవరూ పిలవలేదు కాబట్టి ఆ అవకాశం లేదు.

ఈ క్రతువు పేరు హ్యాకథాన్. 24 గంటలదీ ఉంది, 36 గంటలదీ ఉంది. నిద్రపోకపోవడం ప్రధాన అర్హత. దేశాన్ని పీడిస్తున్న సమస్యల జాబితా ముందే ఇస్తారు, ఎవరికి నచ్చిన పీడను వాళ్లు ఎంచుకోవచ్చు. పిజ్జా, టీషర్టు, వైఫై పాస్‌వర్డ్ నిర్వాహకులవి. ఆదివారం మధ్యాహ్నం జ్యూరీ వస్తుంది. ఒక్కో టీముకు అయిదు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు దేశంలో రైతులెందరు, అంధులెందరు అని అంకెలు చూపించే స్లైడ్లకే పోతాయి. మిగిలిన నిమిషంలో డెమో. డెమో పనిచేయదు. "ఇప్పటిదాకా పనిచేసింది సార్" అంటాడు కుర్రాడు. జ్యూరీ సార్ దయగా తలూపుతాడు. ఆయనా ఒకప్పుడు ఆ మాట అన్నవాడే.

జాబితాలో సమస్యలు ఎన్నున్నా తయారయ్యే ప్రాజెక్టులు మాత్రం నాలుగే. మొదటిది స్మార్ట్ చెత్తబుట్ట. దాని ముందు చెయ్యి ఊపితే మూత తెరుచుకుంటుంది. మన వీధి చెత్తకుండీకి ఉన్న కష్టం మూత తెరుచుకోకపోవడమేనని వీళ్లకు ఎవరు చెప్పారో! మూత మూసుకున్న చెత్తకుండీని మన ఊళ్లలో చూసినవాళ్లుంటే చెయ్యెత్తండి. రెండోది మహిళల భద్రత మీట. నొక్కితే ఇంటికి మెసేజ్ వెళ్తుంది, హాల్లో సిగ్నల్ ఉంటే. మూడోది అంధుల చేతికర్ర. కర్రకు అల్ట్రాసోనిక్ సెన్సర్ కట్టి, నాలుగు మీటర్లలోపు ఏది అడ్డొచ్చినా బీప్ మనేలా చేస్తారు. కోఠి బస్టాపులో ఆ కర్ర ఒక్క క్షణం నోరు మూయదు. ఎదురుగా ఉన్న గోడను కనిపెట్టే ఆ సెన్సర్‌కు కాళ్ల ముందున్న మ్యాన్‌హోల్ కనిపించదు. మామూలు తెల్లకర్ర ఆ గొయ్యిని ఏ బ్యాటరీ లేకుండా పట్టిస్తుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి చూపులేని మనిషి ఒక్కరితో పావుగంట మాట్లాడితే చాలు. కానీ గడువు 36 గంటలే, మాట్లాడే తీరిక ఎక్కడిది?

నాలుగోది రైతుది. ఇదే రారాజు. మట్టిలో రెండు కాళ్ల సెన్సర్ ఒకటి గుచ్చుతారు. తడి ఆరిపోతే రిలే టిక్కుమంటుంది, బుల్లి మోటారు తిరుగుతుంది, ప్లాస్టిక్ గొట్టంలోంచి చెంచాడు నీళ్లు పడతాయి. పొలం స్థానంలో ప్రిన్సిపాల్ గది బయటి మనీప్లాంటు కుండీ ఉంటుంది. తడిమట్టిలో కరెంటు పారుతుంటే ఆ సెన్సర్ కాళ్ల మీది పూత విద్యుద్విశ్లేషణతో కొట్టుకుపోతుంది, కొన్ని వారాల్లో దాని పని అయిపోతుంది. ఆ పాఠం ఇంటర్ కెమిస్ట్రీలోనే ఉంది. అయినా హ్యాకథాన్‌లో వ్యవసాయం ఒక్క రోజుదే కాబట్టి పంటకు వచ్చిన ప్రమాదమేమీ లేదు.

అసలు ముచ్చట ఏమిటంటే, ఈ పిల్లలు ఎవరికైతే ఆటోమేషన్ పరిచయం చేస్తున్నామంటున్నారో ఆ రైతు ఈ పని ఎప్పుడో చేసేసుకున్నాడు. వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రీ అపరాత్రీ ఇచ్చే రోజుల్లో, చీకట్లో పాముల మధ్య బావి దగ్గరికి పోలేక, బోరు మోటారుకు ఆటో స్టార్టర్ బిగించాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. తర్వాత సిమ్‌కార్డు వేసే స్టార్టర్లు వచ్చాయి. మంచం మీంచి ఫోన్ కొడితే రెండు కిలోమీటర్ల అవతల మోటారు తిరుగుతుంది. ఊళ్లలో ఇవి ఎంతగా పాతుకుపోయాయంటే, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు, భూగర్భజలం అడుగంటుతుందని భయపడి, ఆటో స్టార్టర్లు తీసెయ్యండి బాబూ అని ప్రభుత్వమే రైతుల్ని బతిమాలింది. ప్రభుత్వం చేత వద్దనిపించుకునేంత ఆటోమేషన్ చేసిన మనిషికి మనవాళ్లు మనీప్లాంటు కుండీ చూపిస్తున్నారు.

హ్యాకథాన్ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఇంకా నవ్వొస్తుంది. ఆ పేరుతో జరిగిన తొలి కూడికల్లో ఒకటి 1999 జూన్‌లో కెనడాలోని కాల్గరీలో. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం రాసేవాళ్లు ఓ పదిమంది ఒకచోట కూర్చున్నారు. గూఢలిపి సాఫ్ట్‌వేర్ ఎగుమతి మీద అమెరికా చట్టాలు పెట్టే పేచీని తప్పించుకోవడానికి కెనడా అయింది వేదిక. బహుమతి లేదు, జ్యూరీ లేదు, దేశానికి చేసే మేలు గురించి స్లైడు లేదు. తాము రోజూ వాడే సిస్టంలో తమ పనే చేసుకున్నారు. అక్కడి నుంచి కంపెనీలకూ, కంపెనీల నుంచి కాలేజీలకూ, 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌తో కేంద్ర ప్రభుత్వానికీ పాకింది. అలా పాకుతూ పాకుతూ తన పని తాను చేసుకోవడం అనే భాగాన్ని దారిలో వదిలేసింది.

ఇంకా వెనక్కి పోదాం. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లోపార్క్‌లో, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో కొందరు చేరారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటి సమావేశం అది. ఆల్టేర్ 8800 అనే కొత్త కంప్యూటర్ కిట్ వచ్చిన సంబరం. దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు, మెమరీ 256 బైట్లు. కొద్ది వారాలకు స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు ఆ యంత్రం పక్కన రేడియో పెట్టి, లోపలి సర్క్యూట్ల వల్ల రేడియోలో పుట్టే గరగరను ఒడుపుగా మలిచి బీటిల్స్ పాట ఒకటి వినిపించాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ కూడికలోకి మన జ్యూరీని పంపితే ఏమయ్యేదో ఊహించండి. "బాగుంది నాయనా. మరి దీనివల్ల సమాజానికి ఉపయోగం? ఆదాయ మార్గం? రేడియోలో పాట రేడియోలోనే వస్తుంది కదా!" పదికి రెండు మార్కులు, పాల్గొన్నందుకు సర్టిఫికెట్.

అదే క్లబ్బులో స్టీవ్ వోజ్నియాక్ అనే సిగ్గరి తాను చేసిన కంప్యూటర్ సర్క్యూట్ బొమ్మల్ని అడిగినవాళ్లకల్లా ఊరికే పంచేవాడు. స్నేహితుల ముందు కాస్త గొప్పగా కనపడాలన్నదే ఆయన ఆశ. తాను పనిచేసే హ్యూలెట్ ప్యాకర్డ్‌కు ఆ కంప్యూటర్ ఇవ్వబోతే వాళ్లు వద్దన్నారు. అది యాపిల్-1 అయింది. 1991లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్లయితే మరీ బద్ధకస్తులు. కాఫీ పాత్ర నిండుగా ఉందో లేదో కుర్చీలోంచి లేవకుండా చూడాలని దానికి కెమెరా గురిపెట్టారు. తర్వాత అదే వెబ్‌కెమెరాగా చరిత్రకెక్కింది. వీళ్లెవరూ ఎవర్నీ ఉద్ధరించాలనుకోలేదు.

ఎదుటివాడి కష్టం కోసమే పనిచేసిన మనిషి కావాలా? ఆలేరు దగ్గర శారాజీపేటలో ఉన్నాడు. చింతకింది మల్లేశం, చదివింది ఆరో తరగతి. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించి తల్లి లక్ష్మి భుజం పడిపోతుంటే, 1992లో యంత్రం కోసం పూనుకున్నాడు. అది సరిగ్గా పనిచేసింది 1999లో. అప్పులు, ఊరివాళ్ల ఎగతాళి, మధ్యలో ఆపేసి పొట్టకూటికి హైదరాబాద్ పోవడం, అన్నీ ఆ ఏడేళ్లలోనే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మన హ్యాకథాన్ల వేదికల మీద ఆయన ఫోటో పెట్టి స్ఫూర్తి అంటారు. ఆ స్ఫూర్తికి పట్టిన ఏడేళ్లను మాత్రం స్లైడులో రాయరు. రాస్తే 36 గంటలు పక్కన మరీ బక్కగా కనపడతాయి.

పిల్లలు ఏదో నేర్చుకుంటారు కదా అంటారా? ఒప్పుకుంటాను. తెల్లారుజామున మూడింటికి సర్క్యూట్‌లోంచి పొగ రావడం చూసినవాడు జీవితంలో ఒక్కటైనా గట్టిగా నేర్చుకుంటాడు. నా పేచీ ఆ పిల్లాడితో కాదు. వాడికి కావలసింది ఓ బల్ల, ఓ సోల్డరింగ్ ఐరన్, పాడుచేయడానికి కొన్ని విడిభాగాలు, వారానికో సాయంత్రం, పక్కన తనలాంటి పిచ్చివాళ్లు నలుగురు. కాలేజీ ఇస్తున్నది టెక్నికల్ క్లబ్. దానికి ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు, పీఆర్ హెడ్, డిజైన్ హెడ్, సోషల్ మీడియా హెడ్ ఉంటారు. సోల్డరింగ్ ఐరన్ ఒకటే ఉంటుంది, అది హెచ్‌ఓడీ గారి బీరువాలో. తాళం ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర, ల్యాబ్ అసిస్టెంట్ సెలవులో. అందుకని క్లబ్ సభ్యులు ఏడాదంతా పోస్టర్లు చేస్తారు. హ్యాకథాన్ ముందురోజు కోఠిలో ఎలక్ట్రానిక్స్ అమ్మే గుజరాతీ గల్లీకి పరుగెత్తి సెన్సర్లు కొనుక్కొస్తారు. ఆదివారం రాత్రికల్లా అవి ఊడి డబ్బాలోకి పోతాయి, వచ్చే హ్యాకథాన్‌కు మళ్లీ అవే.

లాభం ఎవరికీ రాలేదనడం అన్యాయం. స్పాన్సర్ కంపెనీకి రెండొందలమంది కుర్రాళ్ల ఆలోచనలు పిజ్జా ధరకు దొరికాయి. కాలేజీకి, గ్రేడు ఇచ్చే న్యాక్ బృందానికి చూపించడానికి ఫోటోలు వచ్చాయి. గెలిచిన టీముకు అట్టతో చేసిన పెద్ద చెక్కు దక్కింది, అసలు డబ్బు వచ్చే సెమిస్టర్లో పడుతుందట. ఓడినవాళ్లకు లింక్డిన్ ఉండనే ఉంది. అక్కడ ఓడినవాళ్లంటూ ఎవరూ లేరు, అందరూ వినమ్రంగా పులకించినవాళ్లే.

నాదో చిన్న ప్రతిపాదన. ఈసారి రైతునూ అంధులనూ వదిలేసి, సమస్యల జాబితాలో కాలేజీ సొంత కష్టాలు పెట్టండి. హ్యాకథాన్ జరిగే హాల్లోనే మైకు ముఖ్య అతిథి నోరు తెరిచినప్పుడల్లా కూత పెడుతుంది. ప్రొజెక్టర్ వైరును ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని నిలబడాలి. బాయ్స్ హాస్టల్ మీది ట్యాంకు రోజూ పొద్దున పొంగి గోడలమ్మట కారుతుంది. వాచ్‌మన్ యాదగిరి చెప్పగా చెప్పగా వాటర్ లెవెల్ కంట్రోలర్ కోసం క్లబ్ వాళ్లు ఓ అర్జీ కూడా పెట్టారు. దుకాణంలో కొన్ని వందలకు దొరికే వస్తువు, చేతనైన కుర్రాడు ఒక సాయంత్రంలో చేసేస్తాడు. యాజమాన్యం పరిశీలించింది. సామాజిక ప్రభావం కనిపించడం లేదని, దానికి స్పాన్సర్ దొరకడం కష్టమని రాసి, ఫైలు మూసేసింది.