ఎనిమిది గేదెలకు ఏసీ ట్రాక్టరు

ఎనిమిది గేదెలు, రెండెకరాల మేత చేను, రేకుల కొట్టం, పాలకేంద్రంలో ఒక ఖాతా. ఇన్ని ఉన్న రైతుకు ఇంకా లోటేదైనా ఉందంటే, అది అద్దాల క్యాబిన్‌తో, లోపల ఏసీతో, అరవై హార్స్‌పవర్ ట్రాక్టరు లేకపోవడమే. పాత ముప్ఫై అయిదు బండితో నెట్టుకొస్తున్నవాళ్లు, పని పడ్డప్పుడు కిరాయికి పిలుచుకునేవాళ్లు పాడి రైతుల పరువు తీస్తున్నారు. వాళ్లను దారిలో పెట్టడానికే ఈ సలహాలు. పాటిస్తే పాలడబ్బు మిగలకపోవచ్చు గానీ పేరు మాత్రం గ్యారంటీ.

అన్నిటికంటే ముందు, ట్రాక్టరుతో మీకున్న పనేమిటో కాగితం మీద పెట్టకండి. పెడితే ఏమవుతుందో చూడండి. పాలిచ్చే గేదె రోజుకు 30 కిలోల దాకా పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుగడ్డి తింటుంది. ఎనిమిదింటికీ కలిపి మూడు క్వింటాళ్లకు అటూఇటూ. మూడు టన్నులు అవలీలగా మోసే ట్రక్కులో అది ఒక మూలకు కూడా రాదు. మోటారు సైకిలు వెనక తగిలించే చిన్న ట్రాలీ రెండు మూడు సార్లు తిరిగితే అయిపోయే పని. పోనీ దున్నకం ఉందా అంటే, సూపర్ నేపియరో, ఏపీబీఎన్-1 రకమో ఒకసారి కణుపులు నాటితే నాలుగైదేళ్లు కోసుకోవడమే తప్ప నాగలి పెట్టే అవసరం రాదు. ఇక పేడ. గేదెకు రోజుకు 15 నుంచి 20 కిలోలు, ఎనిమిదింటికీ ఏడాదికి 50 టన్నులు. దిబ్బలో మాగి ఎండితే అందులో సగం కూడా ఉండదు. వేసవిలో రెండు మూడు రోజులు తోలితే దిబ్బ ఖాళీ. కోతలయ్యాక వరిగడ్డి చేరేసుకోవడానికి ఇంకో రెండు రోజులు. ఎంత సాగదీసినా ఏడాదికి అరవై డెబ్బై గంటల పని. వ్యవసాయ ఇంజనీర్లేమో ట్రాక్టరు ఖర్చు కట్టేటప్పుడు పదేళ్ల ఆయుష్షు, ఏడాదికి 1000 గంటల పని అని పెట్టుకుంటారు. గంటకు వెయ్యి చొప్పున కిరాయి ఇచ్చినా డెబ్బై వేలతో మీ ఏడాది గడిచిపోతుంది. ఈ కాగితం పాలడబ్బు చూసుకునే మీ ఆవిడ కంటపడిందా, ట్రాక్టరు మీ వీధి మలుపు కూడా తిరగదు.

హార్స్‌పవర్ ఎంత ఉండాలన్నదానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. బావమరిది బండి కంటే పది ఎక్కువ ఉండాలి. మీ బావమరిదికి పాతికెకరాల మాగాణి ఉంది కదా, ఆయన అవసరం వేరు కదా అని ఎవరైనా అంటే విననట్టు ఊరుకోండి. ఏది ఏమైనా యాభై దాటించండి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 అని కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటికోసం పాతకాలపు మెకానికల్ పంపు తీసేసి కామన్ రెయిల్, సెన్సర్లు, చిన్న కంప్యూటరు పెట్టె పెడుతున్నారు. యాభై లోపు బండి చేలో ఆగిపోతే ఊరి మెకానిక్ రెండు పానాలు పట్టుకొచ్చి, డీజిలు పైపు వదులు చేసి, గాలి తీసి, టీ తాగి వెళ్లిపోతాడు. అందులో గొప్పేముంది? మీ బండికైతే టౌను నుంచి కంపెనీ కుర్రాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రావాలి. అతను వచ్చేదాకా బండి నడివీధిలో ఉంటుంది. వచ్చేపోయేవాళ్లంతా ఆగి చూస్తారు, రేటు అడుగుతారు. డీజిలు మాత్రం ఎప్పటిలాగే క్యాన్లో తెచ్చి, అడుగున నీళ్లున్నాయో లేదో చూడకుండా పోసెయ్యండి. కామన్ రెయిల్ ఇంజెక్టర్లకు నీళ్లు సరిపడవు. ఆ బిల్లు కూడా నలుగురికీ చూపించుకునేటంత ఉంటుంది.

ఇంత శక్తి ఉన్న ఇంజనుకు కొట్టంలో పని చూపించాలి కాబట్టి, మేత నరికే చాఫ్‌కట్టర్‌ను దానికి తగిలించండి. ఇప్పుడది 3 హెచ్‌పీ కరెంటు మోటారు మీద నడుస్తోంది, గంటకు రెండు యూనిట్ల పైచిలుకు కాలుతుంది, స్విచ్ వేస్తే పది మంది మాట్లాడుకుంటున్నా ఇబ్బంది ఉండదు. మోటారు పీకేసి, ట్రాక్టరు వెనక్కి పెట్టి, పీటీవో షాఫ్టు బిగించి, 540 చుట్లు తిరిగేదాకా రేజ్ ఇవ్వండి. మూడు గుర్రాల పనికి అరవై గుర్రాలు కదిలి, గంటకు మూడు నాలుగు లీటర్ల డీజిలు తాగుతాయి. అంత పెద్ద ఇంజను రోజూ అంత తేలిక పని మీద ఆడితే లోపల మసి పేరుకుంటుందని మెకానిక్‌లు అంటారు. అంటే అననివ్వండి. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు విరిగితే పారేసి, అలాగే నడపమని కూడా కొందరు చెబుతుంటారు. ఆ ఒక్క సలహా నేను కూడా ఇవ్వను. తిరిగే పీటీవో షాఫ్టుకు లుంగీ అంచు, చీర కొంగు, తలగుడ్డ కొన చిక్కితే మనిషిని లాక్కోవడానికి రెప్పపాటు చాలు. తొడుగు లేనిది షాఫ్టు తిప్పకండి. ఇది వేళాకోళం కాదు.

ఇప్పుడు అసలు సంగతి, క్యాబిన్. రెంటచింతల ఎండలు తెలిసినవాడెవడూ ట్రాక్టరు మీద ఏసీ వద్దనడు. రోజుకు పది గంటలు దుక్కి దున్నేవాడికి, దుమ్ములో రోటవేటరు తోలేవాడికి అది నిజంగా ప్రాణాలు నిలిపే వస్తువే. మీరేమో మేత మోపు వెయ్యడానికి ఒకసారి, గేటు తియ్యడానికి ఒకసారి, వెయ్యడానికి ఇంకోసారి, దూడ అడ్డొస్తే ఒకసారి, తొట్టి దగ్గర మేత దించడానికి ఒకసారి దిగాలి. దిగినప్పుడల్లా తలుపు తెరుస్తారు, చల్లగాలి పోతుంది, ఈగలు వస్తాయి. ఎక్కి తలుపు వేసుకున్నాక చెప్పులకంటిన పేడ వాసన కూడా మీతోపాటే చల్లగా ప్రయాణం చేస్తుంది. గడ్డి నూగు పడి క్యాబిన్ ఫిల్టరు వారానికే మూసుకుపోతుంది. దాన్ని దులపాలని మాన్యువల్లో రాసి ఉంటుంది, మాన్యువల్ సీటు కింద కవర్లో ఉంటుంది, కవరు విప్పకూడదు. నీడన బండి ఆపి, ఏసీ ఆన్‌లో పెట్టి, ఫోనులో సినిమా చూడటం ఒక్కటే ఈ క్యాబిన్‌కు మీ దగ్గర పూర్తి న్యాయం జరిగే పని. ఊరికే ఆడినా గంటకు లీటరు పైనే తాగుతుందనుకోండి.

కొనేముందు కొట్టం చూరు ఎత్తు కొలవకండి. కంపెనీ క్యాబిన్ నేల నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది అడుగులుంటుంది. మీ రేకుల చూరు ఏడడుగులు. ఈ రెండూ మొదటిసారి ఎదురుపడినప్పుడు ఏది వంగుతుందన్నది చూడముచ్చటగా ఉంటుంది. తొట్ల మధ్య నడవ మనిషి గంప ఎత్తుకుని తిరగడానికి కట్టుకున్నది, నాలుగైదు అడుగులు. ట్రాక్టరు వెడల్పు ఆరు అడుగులు దాటుతుంది. అంటే అన్ని లక్షలు పోసి కొన్న బండి కొట్టం బయటే నిలబడుతుంది, మేత లోపలికి మళ్లీ గంపతోనే వెళుతుంది. చేనికి పోయే డొంక సంగతి సరేసరి. రెండు వైపులా తుమ్మకంప, మధ్యలో ఎడ్లబండి జాడ. వేలాడే కొమ్మలు మామూలు ట్రాక్టరు వాడైతే తల వంచి తప్పించుకుంటాడు. మీకు ఆ అవమానం లేదు, అద్దం చూసుకుంటుంది. అద్దం ధర అడిగితే మాత్రం తల వంచాల్సి రావచ్చు. చేలో కిందికి జారిన కరెంటు తీగలుంటే వాటిని ముందే సరిచేయించమని లైన్‌మన్‌కు చెప్పాలి. ఆ మాట కూడా నేను నవ్వుతూ చెప్పడం లేదు.

క్యాబిన్ ఖర్చు ఎక్కువనిపిస్తే మామూలు ట్రాక్టరే కొని, వెల్డింగ్ షాపులో గొట్టాలు, రేకు, బస్సు అద్దాలతో ఒకటి కట్టించుకోవచ్చు. చూడటానికి రెండూ ఒకటే. తేడా బండి గట్టు మీద నుంచి బోర్లా పడినప్పుడు తెలుస్తుంది. కంపెనీ చట్రం బండి బరువుకు నలగకుండా నిలబడేలా పరీక్షించి చేసినది, అదీ సీటు బెల్టు పెట్టుకుంటేనే కాపాడుతుంది. ఈ రేకు డబ్బా ఎండను ఆపుతుంది, అంతవరకే. మనవాళ్లు ఆ బెల్టును ఎలాగూ తువ్వాలు తగిలించుకోవడానికే వాడతారు.

పేడ ఎత్తడానికి ముందు లోడరు కూడా పెట్టించుకోండి. ముందు బకెట్‌లో అయిదారు క్వింటాళ్లు ఎత్తితే వెనక చక్రాలు తేలతాయి కాబట్టి వెనక బరువు కట్టమంటారు. దానికి మళ్లీ ఖర్చు. పలుగు, పార, గంప ఉన్న ఇంట్లో ఇన్ని హంగులెందుకని మీ నాన్న అడుగుతాడు. ముసలాయన, ఆయనకు హైడ్రాలిక్ తెలియదు.

బండిని గడ్డివామి పక్కనే, పాకలో పెట్టండి. మీకు నీడ ఉంటుంది, ఎలుకలకు క్యాబిన్ ఉంటుంది. సీటు స్పాంజిలో పిల్లల్ని పెట్టి, వైరింగ్ ఇన్సులేషన్ కొరుక్కుంటూ అవి సుఖంగా ఉంటాయి. సెన్సర్ల బండికి వైరు ఎక్కడ తెగిందో వెతకడం ఒక పూట పని కాదు. తెల్లవారుజామున పాలు పితికే వేళకే బండి స్టార్ట్ చేసి, వెనక్కి తియ్యండి. అలవాటు లేని చప్పుడుకు గేదె బెదిరి చేపదు. దూడను వదిలినా, వెన్ను నిమిరినా, తవుడు పెట్టినా ఆ పూటకు పాలు పైకి ఎగబట్టేస్తుంది. రెండు లీటర్లు తగ్గితే తగ్గాయి, ఊరందరికీ మీరు లేచారని తెలిసింది కదా.

డబ్బు సంగతి చివరికి వదిలేశాను, షోరూములో కూడా చివరికే వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్నుకు ముందు ధర పది లక్షలైతే 70 వేలు కలిసొచ్చినట్టే. ఆ డబ్బుతో పాడి గేదె ఒకటి కొంటే మళ్లీ పాలు పితకాలి, చాకిరీ. పెద్ద టైర్లు, స్పీకర్లు, బంపరు, దసరా పూజకు పూలదండలు, ఇలా ఖర్చు పెట్టండి. అప్పు మాత్రం పది లక్షలు ఎత్తండి. అయిదేళ్లు, 12 శాతం వడ్డీ, ఆరు నెలలకో వాయిదా అనుకుంటే ఒక్కో వాయిదా లక్షా 36 వేలు, ఏడాదికి రెండు లక్షల 72 వేలు. గేదెల లెక్క ఇలా ఉంటుంది: ఎనిమిదిలో అయిదు పాలిస్తూ, మిగతావి వట్టిపోయో సూడితోనో ఉంటాయి. పూటా పూటా కలిపి ఒక్కోటి ఏడు లీటర్లు, మొత్తం 35. లీటరుకు 60 రూపాయలొస్తే రోజుకు 2,100. దాణా, పత్తి చెక్క, మందులు, మనిషి కూలి పోగా మూడో వంతు మిగిలితే అదృష్టం, అంటే 700. ఏడాదికి రెండు లక్షల 55 వేలు. మొత్తం తీసుకెళ్లి బ్యాంకులో కట్టినా ఇంకా పదహారు వేల చిల్లర తక్కువ. ఒక పెయ్యదూడను తోలేస్తే సరి. రెండో ఏడు ఒక గేదె, మూడో ఏడు ఇంకోటి. అలా కొట్టం ఖాళీ అయ్యేకొద్దీ ట్రాక్టరు తిప్పుకోవడానికి జాగా కూడా కలిసొస్తుంది.

కిరాయికి తిప్పి వాయిదాలు కట్టేస్తానంటారా? బావుంది, అందరూ అదే చెప్పి కొన్నారు. ఊళ్లో ఇప్పటికే బండ్లు మనుషుల కోసం ఎదురు చూస్తున్నాయి. దమ్ము చెయ్యడానికి రెండున్నర టన్నుల పైబడిన బండిని మెత్తటి మాగాణిలో దించితే, దాన్ని బయటికి లాగడానికి ఇంకో బండిని కిరాయికి పిలవాలి. ఏసీ ఉందని ఎకరాకు వంద ఎక్కువ ఎవడూ ఇవ్వడు. మేనమామ దగ్గర డబ్బులడగలేరు, పినతండ్రి పంట రాగానే ఇస్తానంటాడు, ఆ పంట ఏ ఏటిదో చెప్పడు.

మూడేళ్లకు మీ బండి అమ్మకానికి వస్తుంది. దిగులు పడకండి, బేరం బాగా వస్తుంది. మీటరు రెండు మూడు వందల గంటలే చూపిస్తుంది, సీటు మీద కవరు కూడా తియ్యలేదు. యాభై ఎకరాలు కౌలు చేసేవాడెవడో సగం ధరకు చూసి మరీ పట్టుకుపోతాడు, వాడి దగ్గర ఆ బండి నిజంగా పని చేస్తుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు తీసిపెట్టుకోండి. బ్యాంకులో బాకీ అంతా కట్టేసి, నో డ్యూస్ తెచ్చి, ఆర్‌సీ మీద హైపోతికేషన్ కొట్టేయించనిదే బండి పేరు మారదు.